బొగ్గు అను మాట

బొగ్గును పాలతో కడిగినను తెల్లబడదని మనవారి సామెత. సంస్కృతమున అంగారశబ్దము మండు కణికకును, చల్లారిన బొగ్గునకును చెల్లును. హితోపదేశకర్త దుర్జనుని దానితో పోల్చినాడు: వేడిగా నున్న కాల్చును, చల్లారిన చేతికి మసి పూయును. తెలుగువారు నిప్పు, బొగ్గు అని రెండు మాటలు చేసికొని, ఆ నిందను బొగ్గునకే ఎక్కువగా మిగిల్చినారు. ఇది న్యాయము కాదు.

కొలిమివారి నడిగిన వేరుగా చెప్పుదురు. పూర్వపు కరీంనగరు జిల్లాకు చేరువన, నిజామాబాదు సీమలో కోనసముద్రము కలదు. అచటి ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. 1820 తరువాత ఆ కొలుములను చూచిన డాక్టరు వాయిసీ వర్ణనము, ఆయన మరణానంతరము, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఇనుమును మట్టిమూసలలో నుంచి బొగ్గునిప్పున గంటలకొలది కరగించెడివారు. బొగ్గునుండి వచ్చిన కర్బనము, నూటికి ఒకటి ఒకటిన్నర పాళ్లు, ఇనుమున నిలిచిననే అది ఉక్కు. కడిగినను మారనిదని మనము వెక్కిరించు వస్తువే ఇనుమును మార్చినది!

1871లో డాక్టరు కింగు ఇల్లెందు దగ్గర భూగర్భమున నల్లరాయి కనుగొన్నాడు. పిమ్మట ఆదిలాబాదు సీమలో బెల్లంపల్లి, మందమర్రి, కరీంనగరు సీమలో గోదావరిఖని గనులు వెలసినవి. జనులు క్రొత్త పేరు వెదకలేదు. నేలబొగ్గు, రాక్షసిబొగ్గు అనిరి. క్రమముగా ముందుమాట జారిపోయి ఉత్త బొగ్గే మిగిలినది; ఇంటి పాతబొగ్గు కట్టెబొగ్గు అయినది. గనికి వారు పెట్టిన పేరు బొగ్గుబాయి. కోస్తావారు బావి యనునది అక్కడ బాయి.