అడ్వొకేటు జనరలు పదవి: పుట్టుపూర్వోత్తరములు

ప్రభుత్వము ఒక శాసనము చేసినను, ఒక ఉత్తర్వు వెలువరించినను, దానిని న్యాయస్థానమున ప్రశ్నించు హక్కు మన దేశమున సామాన్య పౌరునకు కలదు. రైతు తన భూమి కొరకును, బస్సు యజమాని తన పర్మిటు కొరకును, ఉద్యోగి తన కొలువు కొరకును ప్రభుత్వమును హైకోర్టునకు ఈడ్చుట మనము నిత్యము వినుచున్న విషయమే. అట్టి వేళ ప్రభుత్వ పక్షమున లేచి సమాధానము చెప్పు ప్రధాన న్యాయవాదియే అడ్వొకేటు జనరలు. పత్రికలలో ఈ పేరు తరచుగా కనబడుచున్నను, పదవి ఎట్లు పుట్టినది, దాని ధర్మమేమి అనునది మనలో పలువురము ఆలోచించి యుండము.

జిల్లా కోర్టులలో నేరములను విచారణకు తెచ్చు పబ్లిక్ ప్రాసిక్యూటరును, సివిలు దావాలు నడుపు గవర్నమెంటు ప్లీడరును మనము ‘సర్కారు వకీళ్లు’ అని వ్యవహరింతుము. అడ్వొకేటు జనరలు వీరి కోవలోనివాడే యైనను, ఆయన స్థానము వేరు. అది రాజ్యాంగము స్వయముగా నెలకొల్పిన పదవి.

దీని మూలము ఇంగ్లండున ఉన్నది. రాజు తన పేర నడచు న్యాయస్థానమునకు తానే వాదిగా వచ్చి నిలువజాలడు. కావున తన పక్షమున మాటలాడుటకు ఒక న్యాయవాదిని నియమించుకొనుట మధ్యయుగముల నుండి అచ్చటి ఆచారము. ఆ న్యాయవాదియే కాలక్రమమున అటార్నీ జనరలు అయ్యెను. ఈస్టిండియా కంపెనీ మన దేశమున రాజ్యమేలజొచ్చినప్పుడు దానికిని అట్టివాని అవసరము కలిగెను. చెన్నపట్నమున 1801లో సుప్రీంకోర్టు ఏర్పడెను. ప్రెసిడెన్సీలలో ప్రభుత్వ పక్షమున వాదించు న్యాయవాదికి అడ్వొకేటు జనరలు అను పేరు స్థిరపడెను. 1813 నాటి చార్టరు చట్టము ఈ పదవికి కొన్ని ప్రత్యేకాధికారములను కూడ ఒసగెను. 1862లో సుప్రీంకోర్టు స్థానమున మద్రాసు హైకోర్టు వెలసిన పిమ్మటను పదవి అట్లే నిలిచినది.

చాలకాలము ఆ పీఠము ఆంగ్లేయ బారిస్టర్లకే పరిమితమై యుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివర వి. భాష్యం అయ్యంగారు తాత్కాలికముగా ఆ స్థానమును నిర్వహించి, దానిని అందుకొన్న తొలి భారతీయుడైనారు. ఆ పిమ్మట సి. శంకరన్ నాయరు, పి. ఎస్. శివస్వామి అయ్యరు, సి. పి. రామస్వామి అయ్యరు వంటి ఉద్దండులు దానిని అలంకరించిరి.

తెలుగునాటికి ఈ పదవితో గల సంబంధము సామాన్యమైనది కాదు. నెల్లూరు జిల్లా పూడూరులో 1883లో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు 1929 నుండి 1944 వరకు, అనగా పదునైదేండ్లపాటు, మద్రాసు అడ్వొకేటు జనరలుగా పనిచేసిరి. అనంతరము ఆయన రాజ్యాంగ నిర్ణయసభలో ముసాయిదా సంఘ సభ్యులైనారు. కృష్ణస్వామి అయ్యరు తరువాత ఆ పదవిని అందుకొన్నవారు పాకాల వెంకట రాజమన్నారు. తెలుగు నాటకకర్తగా మన సాహిత్యమున స్థానము సంపాదించుకొన్న ఆయనయే 1948లో మద్రాసు హైకోర్టునకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి అయినారు.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టము ప్రతి రాష్ట్రమునకును ఒక అడ్వొకేటు జనరలు ఉండవలెనని విధించినది. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 165వ అధికరణమున దానినే స్థిరపరచినది. హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత గల వ్యక్తిని గవర్నరు నియమించును. ఆయన గవర్నరు ఇష్టానుసారము పదవియందుండును. జీతభత్యములను గవర్నరే నిర్ణయించును. వయోపరిమితి లేదు. అరువదేండ్లు దాటినవాడు ఈ పదవికి అనర్హుడను వాదమును నాగపూరు హైకోర్టు 1952లోనే త్రోసిపుచ్చినది. 177వ అధికరణము ప్రకారము ఆయన శాసనసభలో ప్రసంగింపవచ్చును గాని ఓటు వేయరాదు. ఈ నియమమున ఒక అర్థమున్నది. న్యాయము చెప్పుటకు ఆయన సభకు రావచ్చును గాని, పక్షము వహించుటకు కాదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా, 1954లో గుంటూరున హైకోర్టు వెలసినది. 1956లో ఆంధ్రప్రదేశము అవతరించినంతట అది హైదరాబాదునకు తరలినది. 2014లో తెలంగాణము వేరు రాష్ట్రమైనప్పుడు రెండు ప్రభుత్వములకును ఇద్దరు అడ్వొకేటు జనరళ్లు ఏర్పడిరి. హైకోర్టు మాత్రము 2019 జనవరి 1 వరకు ఉమ్మడిగానే నడచినది. అనగా కొన్ని సంవత్సరములపాటు ఒకే న్యాయస్థానమున రెండు రాష్ట్రముల ప్రధాన న్యాయవాదులు వాదించుచుండిరి.

ఈ పదవి ప్రభుత్వమునకు వాదించుటతో ముగియదు. సత్రము కొరకో పాఠశాల కొరకో ఒక దాత వ్రాసియిచ్చిన ఆస్తిని ధర్మకర్త దిగమ్రింగెననుకొందము. అట్టి ప్రజాధర్మమును కాపాడుటకు దావా వేయు అధికారమును 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు అడ్వొకేటు జనరలునకు ఇచ్చినది. ప్రజలలో ఇద్దరు కలసి దావా వేయదలచినను ఆయన అనుమతి కావలసి యుండెను. 1976 సవరణతో ఆ అనుమతి ఇచ్చు అధికారము న్యాయస్థానమునకు సంక్రమించినది. ఆయన స్వయముగా దావా వేయు హక్కు మాత్రము నిలిచియున్నది. ఒక వ్యక్తి హైకోర్టునందు మరియొకరిపై క్రిమినలు ధిక్కార చర్యను కోరవలెనన్న, 1971 నాటి చట్టము ప్రకారము సాధారణముగా అడ్వొకేటు జనరలు వ్రాతపూర్వక సమ్మతి పొందవలెను. పంతమునకు పోయి వేయు అర్జీలు కోర్టులను ముంచివేయకుండ ఇది ఒక గడప. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము ప్రకారము ఆయన పదవి రీత్యా రాష్ట్ర బారు కౌన్సిలు సభ్యుడు.

అన్నింటికంటె ముఖ్యమైనది సలహా. కోర్టులో జరుగు వాదము లోకమునకు వినబడును. ఫైలుపై వ్రాయు సలహా వినబడదు. కాని పౌరునకు మేలైనను కీడైనను పెక్కుసార్లు ఆ సలహాలోనే తేలిపోవును. దీనికి మన రాష్ట్రముననే ఒక ఉదాహరణ కలదు. కృష్ణా జిల్లాలో కొన్ని బస్సు మార్గములను రవాణా సంస్థ చేపట్టుటకు ప్రభుత్వము ఒక పథకము సిద్ధము చేసెను. ప్రైవేటు బస్సుల వారు అభ్యంతరములు తెలిపిరి. వాటిని విన్నవాడు రవాణా శాఖ కార్యదర్శి, తీర్పు చెప్పినవాడు ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధికెక్కిన ఆ వ్యాజ్యమున 1958లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. అధిక సంఖ్యాకుల తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. వినువాడొకడు, నిర్ణయించువాడు వేరొకడు అయినచో విచారణకు అర్థమే లేదనియు, పథకము తెచ్చిన శాఖ పెద్దయే అభ్యంతరములు వినుట తగదనియు తీర్పు సారాంశము. పిదప ముఖ్యమంత్రి స్వయముగా అభ్యంతరములు విని పథకమును ఆమోదింపగా, 1959లో అదే న్యాయస్థానము దానిని నిలబెట్టినది. పథకము మారలేదు, పద్ధతి మారినది. ‘ఈ దారి చెల్లదు, ఆ దారిన పొండు’ అని ప్రభుత్వమునకు ముందుగా చెప్పగల న్యాయసలహా యొక్క విలువ ఇట్టి వ్యాజ్యముల వలన తెలియవచ్చును.

ఇందులోనే ఈ పదవికి గల చిక్కును కలదు. గవర్నరు నియమించుననగా ఆచరణలో మంత్రివర్గము ఎన్నుకొనుననియే అర్థము. మంత్రివర్గము మారినచో అడ్వొకేటు జనరలు రాజీనామా ఇచ్చుట ఆనవాయితీ. తన్ను నియమించినవారికి, వారు వినగోరని మాట చెప్పుట ఎవరికైనను సుళువు కాదు. ఒక పార్టీ ప్రభుత్వమునకు మాత్రమే వకీలైనచో ఆయన కూలి న్యాయవాదితో సమానుడగును. రాష్ట్రమునకు వకీలైనచో, ఆ రాష్ట్రమున ప్రభుత్వముపై దావా వేసిన రైతు కూడ ఒక భాగమే యని ఆయన మరువరాదు. కోర్టునకు సరియైన విషయము నివేదించుట, గెలువదగని కేసును లాగకుండుట, ప్రభుత్వము తప్పినచోట తప్పినదని లోపల ధైర్యముగా చెప్పుట: ఈ మూడును చట్టములో వివరముగా వ్రాసి యుండవు. ఆ పీఠమున కూర్చుండువారి శీలముపై అవి ఆధారపడి యున్నవి.

కావున ఇకమీదట వార్తలలో అడ్వొకేటు జనరలు వాదించెనని విన్నప్పుడు, గెలుపోటములతోపాటు మరియొక ప్రశ్నయు మనము వేసికొనవలెను. ఆ వాదము మంత్రుల కొరకా, మన అందరి కొరకా? ఆ ప్రశ్న అడుగు ప్రజలు ఉన్నంతకాలము ఆ పదవికి గౌరవమును నిలుచును.