ఖరిదా తెలుగు పిల్లలు, బాలబడి: ఆరోగ్య, భద్రతా నిబంధనలు

ఖరిదా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఒక పేట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లిన కుటుంబాల మనవలు, మునిమనవలు ఈ పట్టణంలో పెరుగుతున్నారు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, బెంగాలీ. మూడేళ్లు నిండిన పిల్ల అంగన్‌వాడీకో, ప్రైవేటు ప్లే స్కూలుకో వెళుతుంది. అక్కడ ఆ పిల్లకు ఏమేం దక్కాలన్నది తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి.

విద్యాహక్కు చట్టం (2009) హామీ 6 నుంచి 14 ఏళ్ల వారికే. ఆరేళ్లలోపు వారికి ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చని 11వ సెక్షన్ చెబుతుంది తప్ప చేసి తీరాలని చెప్పదు. అందుకే బాలబడుల నిబంధనలు ఒక్కచోట దొరకవు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద నడుస్తాయి. ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఉన్నాయి. అవి మార్గదర్శకాలే. అమలు రాష్ట్రం మీద ఆధారపడి ఉంటుంది.

రెండింటికీ కొలబద్దగా పనికొచ్చేది 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం. 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకోవడానికి 30 చదరపు మీటర్ల జాగా ఉండాలి. 3-6 ఏళ్ల పిల్లల్లో ప్రతి 20 మందికి ఒక పెద్ద మనిషి, మూడేళ్లలోపు వారైతే 10 మందికి ఒకరు ఉండాలి. బడి సమయం మూడు, నాలుగు గంటలే. తాగునీరు, ఆడ, మగ పిల్లలకు విడివిడిగా మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు, ప్రథమ చికిత్స పెట్టె తప్పనిసరి. ప్లే స్కూలు మార్గదర్శకాలు మూడేళ్లు నిండని పిల్లను చేర్చుకోవద్దంటాయి, సిబ్బందికి పోలీసు తనిఖీ జరగాలంటాయి. చేర్పించే ముందు ఈ తనిఖీ గురించి నేరుగా అడగండి. అడిగితే ముఖం మాడ్చుకునే యాజమాన్యం గురించి అక్కడే కొంత తెలిసిపోతుంది.

అదే విధానంలో జనం పట్టించుకోని మాట ఇంకొకటి ఉంది: బోధన మాతృభాషలో జరగాలి. ఇది చదువుకు సంబంధించిన సంగతిగానే చూస్తారు గానీ ఖరిదాలో ఇది భద్రత సంగతి కూడా. మూడేళ్ల పిల్ల ‘కడుపు నొప్పి’ అంటే బెంగాలీ దీదీకి అర్థం కాదు. ఆమె భాషలో అది ‘పేటే బ్యథా’. ‘జ్వరం’ అంటే మాత్రం దాదాపు పోల్చుకుంటుంది, రెండు భాషలకూ ఆ మాట సంస్కృతం నుంచే వచ్చింది. ఉచ్చకు వెళ్లాలని చెప్పలేని పిల్ల బట్టలు తడుపుకుంటుంది, లేదంటే నీళ్లు తాగడమే మానేస్తుంది. ‘ఎవరో ముట్టుకున్నారు’ అన్న మాట అర్థం కాకపోతే వచ్చే నష్టం ఇంతకన్నా పెద్దది. పోక్సో చట్టం (2012) ప్రకారం లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవారు ఫిర్యాదు చేయకపోవడమే నేరం. కానీ ముందు పిల్ల చెప్పింది ఎవరికో ఒకరికి అర్థం కావాలి కదా! తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. ఆ హోదా బాలబడి గడప దాటిందా అన్నది తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్న. ఈలోగా నొప్పి, నీళ్లు, ఉచ్చ, దొడ్డి, భయం, వద్దు లాంటి మాటలు బెంగాలీ అర్థాలతో కాగితం మీద రాసి టీచరుకివ్వండి. పిల్లకు అవే మాటలు బెంగాలీలో నేర్పండి.

టీకాల దగ్గర ఖరిదాకు మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. పురుడు పుట్టింట్లో, అంటే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో జరిగితే, తొలి టీకాలు అక్కడ, మిగిలినవి ఖరగ్‌పూర్‌లో పడతాయి. తల్లీబిడ్డల కార్డు అమ్మమ్మ ఇంట్లోనే ఉండిపోతే ఏ డోసు పడిందో ఎవరూ చెప్పలేరు. బడిలో చేరేనాటికి 16-24 నెలల మధ్య వేయాల్సిన డీపీటీ మొదటి బూస్టరు, మీజిల్స్-రుబెల్లా రెండో డోసు పడి ఉండాలి. డీపీటీ రెండో బూస్టరు 5-6 ఏళ్లకు. ‘ఇప్పుడు పోలియో ఎక్కడుంది’ అనే వారికి ఒక మాట: దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో ఇదే రైలు మార్గంలోని హావ్‌డా జిల్లాలో బయటపడింది. చుక్కలు వేయించని రెండేళ్ల పాపకు వచ్చింది.

జబ్బు చేసిన పిల్లను బడికి పంపకూడదు. జ్వరం, విరేచనాలు, ఒంటి మీద పొక్కులు ఉంటే తగ్గేదాకా ఇంట్లోనే ఉంచాలి. విరేచనాలకు ఓఆర్ఎస్, దానితోపాటు 14 రోజులు జింకు ఇవ్వాలి. 1971 యుద్ధ కాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు ఓఆర్ఎస్ పోసి వేల ప్రాణాలు కాపాడింది కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబీస్. డెంగీ దోమ పగలే కుడుతుంది, అంటే బడి వేళల్లోనే. కాబట్టి నీళ్ల డ్రమ్ముల మీద మూత ఉందో లేదో చూడండి. డెంగీ అనుమానం ఉంటే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇవ్వకూడదు.

అంగన్‌వాడీలో 3-6 ఏళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12-15 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలని 2013లో చేసినప్పుడు ఆహార భద్రత చట్టం చెప్పింది. పొయ్యి మాత్రం పిల్లలు కూర్చునే గదికి దూరంగా ఉండాలి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం బడిలో వంటింటి నిప్పు పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఒకటే గది, ఒకటే తలుపు ఉన్న కేంద్రాన్ని చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రైల్వే పట్టణం కాబట్టి దారి సంగతీ చెప్పుకోవాలి. పట్టాల మీదుగా అడ్డదారిన బడికి తీసుకెళ్లడం ప్రమాదమే కాదు, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా. పిల్లను ఇంటికి తీసుకెళ్లేదెవరో పేరు, ఫొటోతో బడిలో రాయించండి. వేరెవరు వచ్చినా పిల్లను అప్పగించకూడదు.

అంగన్‌వాడీ మీద ఫిర్యాదుంటే ప్రాంతీయ సూపర్‌వైజరుకు, తర్వాత సీడీపీఓకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పిల్లకు ఆపద అనిపిస్తే 1098, అత్యవసరమైతే 112.