సెల్లార్‌లో కారా, పొగాకా?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సెల్లార్ అంటే కార్లు పెట్టే చోటు. పెద్ద వాన కురిస్తే మోటారు పెట్టి నీళ్లు తోడే చోటు కూడా. అందుకే పైపు తాగే అమెరికన్ ఎవరైనా ‘పొగాకు సెల్లార్‌లో వేశాను’ అంటే తెలుగు చెవికి తమాషాగా ఉంటుంది. అతని సెల్లార్ చాలాసార్లు బీరువాలో ఒక అర మాత్రమే: గాలి చొరబడని గాజు సీసాలు, మూతల మీద తేదీలు, లోపల అచ్చులా నొక్కి పలుచగా కోసిన వర్జీనియా ఆకు. ఆ ఆకులో చక్కెర ఎక్కువ. చీకట్లో, చల్లగా కొన్నేళ్లు మూత తీయకుండా ఉంచితే ఘాటు మెత్తబడి ఎండుపళ్ల వాసన వేస్తుందంటారు. లాటిన్‌లో సెల్లా చిన్న గది, సెల్లారియం సరుకులు దాచే కొట్టు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో సెల్లార్ అయింది. జైలు సెల్లూ, జేబులో సెల్లూ ఆ సెల్లా సంతానమే. పాఠశాలలోని ‘శాల’ దానికి దూరపు చుట్టమని కొన్ని నిఘంటువుల లెక్క. తెలుగులో ఆ పని పాతరది: జొన్నలు పోసి పైన మట్టి కప్పే గొయ్యి. ఇక ఆకును ఇలా ఏళ్లు నిల్వ ఉంచే ‘ఏజింగ్’ను ‘వయసు పెంచడం’గా చేసిన అనువాదం ఒకటి ఈ మధ్య ఈ కాలమిస్టు కంటపడింది. గడ్డిలో మామిడికాయలు మాగబెట్టే ఇళ్లలో మాటకు ఇంత కరువా!

ఇలాంటి అరువు మాట మన పొగాకుకూ ఉంది: ప్రకాశం జిల్లా రైతు వర్జీనియా ఆకును వేడి మీద క్యూరింగ్ చేసే కొట్టం పేరు బ్యారన్. ఇంగ్లీషు ‘బార్న్’ అది. పాత ఇంగ్లీషులో బార్లీ ఇల్లు అని అర్థం. ఇప్పుడందులో కర్రలకు కట్టిన పొగాకు వేలాడుతోంది.