సికింద్రాబాదు బజారు – సైనిక్‌పురి అంగడి

మన సంఘ వార్షిక మహాసభకు విచ్చేయు కులబాంధవులలో పలువురు నేడు సైనిక్‌పురియందును, దాని చెంతనున్న ఏ. ఎస్. రావు నగరమునందును నివసించుచున్నారు. వీరి తాతలు సికింద్రాబాదు జనరల్ బజారులో క్రింద అంగడియు, మీద మేడయు కట్టుకొని కాపురముండినవారు. పెండ్లి సంబంధము మాటలాడునపుడు ఇంటిపేరు, గోత్రము అడిగిన పిదప “ఏ బజారువారు?” అని యడుగుట నిన్న మొన్నటి దాక మనవారి వాడుక. ఇప్పుడు “ఏ కాలనీవారు?” అని యడుగుచున్నాము. ఈ చిన్న మాటలో ఒక పెద్ద చరిత్ర యిమిడియున్నది. తాతలనాటి అంగళ్లు కొన్ని మూతపడినవి, కొన్ని గిడ్డంగులైనవి, కొన్ని తాళములు పడి వ్యాజ్యములలో నున్నవి. ఇట్లేల జరిగినదని యడిగినచో వృద్ధులు కలికాల మహిమ యందురు. యువకులు ఆన్‌లైన్ వ్యాపారమే కారణమందురు. చరిత్రను కొంచెము నిదానముగా చూచినచో ఈ రెండు సమాధానములును చాలవని మాకు తోచుచున్నది.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు దుర్గనివేశమును వర్ణించుచు, గంధమాల్యములు మొదలగు పణ్యములమ్మువారు తూర్పు దిక్కునను, వైశ్యులు దక్షిణ దిక్కునను నివసింపవలెనని విధించెను. రాజు దిక్కును నిర్ణయింపవచ్చును. కాని వర్తకుని ఆ దిక్కున నిలుపునది రాజాజ్ఞ యొక్కటియే కాదు. సుంకములయందు నిలుకడయు, జనసంచారమును ఎచ్చట నుండునో వర్తకుడచ్చట నిలుచును. 1244వ సంవత్సర ప్రాంతమున కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము దీనికి తార్కాణము. అంతకు పూర్వము గాలివానకు ఒడ్డున బడిన ఓడలలోని సరకును రాజులు బలాత్కారముగా గైకొనెడివారు. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, నిర్ణీత సుంకము దప్ప వేఱొండు గైకొనమని ఱాతిపై చెక్కించెను. ఇట్లే మచిలీపట్టణమున ఆంగ్లేయులు 1611లో వర్తకశాలను నెలకొల్పిరి. 1641లో తమ ముఖ్యస్థానమును చెన్నపట్టణమునకు మార్చుకొనగా, వర్తకమును క్రమక్రమముగా అటే మరలెను. కావున బజారు తరలుట మన కాలమున పుట్టిన వింత కాదు.

ఇక సికింద్రాబాదు సంగతి. నేడు మనము నగరమధ్యమని చెప్పుకొనుచున్న ఈ బజారు పుట్టినప్పుడు నగరమధ్యము కాదు. ఊరి వెలుపలి బయలు. 1798లో నిజాము ప్రభువు తూర్పు ఇండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనగా, కంపెనీ దండు హుస్సేనుసాగరమునకు ఉత్తరమున దిగెను. 1806లో ఆ శిబిరమునకు సికందర్‌జా ప్రభువు పేరిట సికింద్రాబాదను నామము కలిగెను. దండు బజారునకు వచ్చు సరకుపై దిగుమతి సుంకము లేకుండుటచే, వర్తకులు పలు దిక్కులనుండి వచ్చి చేరిరి. రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అను పేళ్లు ఆ పుట్టుకను నేటికిని చాటుచున్నవి. 1815లో సురిటి అప్పయ్య యను సైనికోద్యోగి ఉజ్జయినీ మహాకాళిని ఇచ్చట ప్రతిష్ఠించెనని ప్రసిద్ధి. దండు వచ్చెను, దాని వెంట అంగడి వచ్చెను, అంగడి వెంట గుడి వచ్చెను. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు ఇనుపదారి పడగా సరకు బండ్లపై గాక రైళ్లపై రాసాగెను. 1897లో గడియార స్తంభము వెలసెను. బజారు సంపూర్ణ యౌవనమును పొందెను.

ఇందు మనము గమనింపవలసిన దొకటి గలదు. మన తాతలు మూసీ దక్షిణపు పాతబజారులను, దూరగ్రామములను విడిచి హుస్సేనుసాగరము దాటి వచ్చినప్పుడు, వెనుక నుండిపోయినవారు వీరినిగూర్చి ఏమనుకొని యుందురు? నేడు జనరల్ బజారువారు సైనిక్‌పురి వారినిగూర్చి అనుకొనుచున్నదే అనుకొని యుందురు. తరలివచ్చి బ్రతికినవారి సంతతి, తరలుటయే పాపమని తలచుట న్యాయము కాదు.

అయినను బజారు ఏల క్షీణించినదో తెలిసికొనుట అవశ్యము. మొదటి కారణము ప్రత్యేక ప్రతిపత్తి తొలగుట. 1945లో దండు కట్టుబడి వెలుపలి సికింద్రాబాదు తిరిగి నిజాము ప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1960లో సికింద్రాబాదు పురపాలనము హైదరాబాదుతో నేకమయ్యెను. పూర్వము వర్తకుని ఇచ్చటికి పిలిచిన ప్రత్యేక సౌకర్యము అట్లు చరిత్రలో కలిసిపోయెను.

రెండవది కాపురములు తరలుట. ఇదియే ముఖ్యమని మా యభిప్రాయము. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపింపబడెను. దాని వ్యవస్థాపకులైన అయ్యగారి సాంబశివరావుగారి పేరనే ఏ. ఎస్. రావు నగరము వెలసెను. ఆ చేరువనే రక్షణ దళములవారు సహకార పద్ధతిని ఇండ్లు కట్టుకొనగా సైనిక్‌పురి యేర్పడెను. వెడల్పైన వీధులు, చెట్లు, గాలి, మంచి పాఠశాలలు చూచి మనవారును అచ్చట స్థలములు కొనిరి. మొదట కాపురము మాత్రమే పోయెను, అంగడి నిలిచెను. కాని యజమాని మేడ దిగిపోయిన పిదప పైయంతస్తు గిడ్డంగి యయ్యెను. రాత్రి దీపము లేని వీధిలో సాయంకాలపు బేరము సన్నగిల్లెను. నిత్యావసరములు కొనువారు తామున్నచోటనే కొనసాగిరి. 2007లో కాప్రా పురపాలక సంఘము మహానగరమున లీనమగు నాటికే సైనిక్‌పురి త్రోవ పొడుగున అంగళ్లు బారులు తీరెను.

మూడవది దారి. జట్కాలకును ఎడ్లబండ్లకును సరిపడ వేసిన సందులలో మోటారు బండిని నిలుపుటకు చోటు లేదు. నాలుగవది అద్దె. 1960వ సంవత్సరపు అద్దె నియంత్రణ చట్టము నిరుపేద అద్దెదారుని రక్షించుటకు సదుద్దేశముతో పుట్టినది. కాని స్వల్పమైన అద్దె వచ్చు కట్టడమునకు యజమాని సున్నమైనను వేయింపడు, అద్దెదారుడు ఖాళీ చేయడు. గోడ ఇరువురికిని చెందక శిథిలమగును. ఐదవది మన యింటిలోనిదే. ఒక అంగడికి తాత యొక్కడు, తండ్రులు ముగ్గురు, మనుమలు పదునొకండుగురు. అందఱి సంతకములు లేనిదే తలుపైనను మార్చ వీలులేదు. పరుల పోటీచే మూతపడిన అంగళ్లను అందఱును లెక్కింతురు. దాయాదుల తగవుచే మూతపడినవానిని ఎవ్వరును లెక్కింపరు.

ఇన్ని కారణములచే ముందే బలహీనమైన దేహమునకు 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దు, 2017 జూలైలో వస్తుసేవల పన్ను, 2020లో మహమ్మారి ఒకదానివెంట నొకటి తగిలెను. ఆన్‌లైన్ వర్తకము వీని నడుమ పెరిగెను. అది తుది దెబ్బలలో నొకటి యగునుగాని మూలరోగము కాదు. అమెరికా దేశమున ఆన్‌లైన్ వర్తకమన్న మాట పుట్టకమునుపే, 1956లో మినియాపొలిసు నగరము చెంత ఎడీనాలో విక్టర్ గ్రూయెన్ అను శిల్పి పైకప్పుగల పెద్ద అంగళ్ల భవనమును నిర్మించెను. దాని ననుకరించి ఊరి వెలుపల వెలసిన భవనములు ఆ దేశపు నగరమధ్యములలోని బేరమును లాగికొనెను. తుదకు ఆ శిల్పియే ఆ పద్ధతిని బాహాటముగా నిరసించెను. అచ్చటను మొదట కదలినవి కాపురములే.

అన్ని వర్తకములును ఒక్క తీరున పోలేదనుటయు గమనింపదగినది. టోకు కూరగాయల వర్తకము మోండా మార్కెట్టునుండి బోయినపల్లి యార్డునకు తరలెను. కాని రాణీగంజిలోని యంత్రసామగ్రి అంగళ్లును, పాట్ మార్కెట్టులోని బంగారపు అంగళ్లును నిలిచియున్నవి. ఒక్క సరకునమ్ము అంగళ్లు నూఱు ఒక్కచోట నున్నప్పుడు దూరమున నున్నవాడైనను వెదకికొని వచ్చును. ఇంటి చెంత దొరకునదే నగరమధ్యమున నమ్మబూనిన అంగడి నిలువదు. మఱెచ్చటను దొరకనిదానిని, తరతరముల నమ్మకమును అమ్మునది నిలుచును.

ఇక ఈ తరలుటలో ఎవరికి ఏమి నష్టమో చెప్పక విరమింపరాదు. యజమానికి సైనిక్‌పురిలో ఇల్లు గలదు, అచ్చటనే క్రొత్త అంగడియు గలదు. నలువదేండ్లు గజకోల పట్టిన గుమాస్తాకు, మూటలు మోసిన హమాలీకి, అరుగుమీద కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీకి ఏమి గలదు? అంగడి తలుపు మూసినప్పుడు వీధిని పడువారు వీరే. రెండవ నష్టము మన బిడ్డలది. మేము పాఠశాలలో పనిచేసిన కాలమున బజారు పిల్లలు బడి విడువగానే అంగడిగట్టు చేరెడివారు. మేము చెప్పిన లెక్కలు వారికి నోటికి మాత్రమే వచ్చెడివి. గల్లాపెట్టె చెంత కూర్చున్న పిదపనే చేతికి వచ్చెడివి. కొనువానితో ఎట్లు మాటలాడవలెనో, ఎవనికి అప్పీయవలెనో, ఎవనికి ఈయరాదో ఏ పుస్తకమును నేర్పదు. ఇల్లును అంగడియు ఎడమైనందున ఈ విద్య మన కుటుంబములలో తెగిపోవుచున్నది.

కావున పోషకులైన పెద్దలకు మేము మూడు విన్నపములు చేయుచున్నాము. అంగళ్ల భాగములను గూర్చిన దాయాదుల తగవులను, న్యాయస్థానములకు బోకమునుపు సంఘ పెద్దల మధ్యవర్తిత్వమున తీర్చికొనుట. తాళము వేసి యుంచుటకంటె న్యాయమైన అద్దెకు, మరమ్మతుల షరతుతో దీర్ఘకాలపు కౌలుకిచ్చుట, అందును పాత గుమాస్తాకు మొదటి హక్కు నిచ్చుట. అంగడి నమ్మక తప్పనిచో, పాత ఖాతాపుస్తకములను, దస్తావేజులను, పటములను తూకమున కమ్మక సంఘ గ్రంథాలయమునకు సమర్పించుట.

సైనిక్‌పురి వర్తక సోదరులకును ఒక మాట. వెడల్పని మురిసిన మీ త్రోవలు ఇప్పటికే సాయంకాలములందు బండ్లతో నిండుచున్నవి. ఇండ్లు అంగళ్లగుచున్నవి; పొరుగువారు విసుగుచున్నారు. నేటి వెలుపలి కాలనీయే రేపటి నగరమధ్యము. కొనవచ్చువానికి నిలుచుటకు నీడయు, బండికి చోటును, అద్దెలో న్యాయమును, పనివానికి ఆదరమును ఇప్పుడే సమకూర్చుకొననిచో, మీ మనుమలు మఱియొక కాలనీలో నివసించుచు మిమ్ముగూర్చి ఇట్టి వ్యాసమునే చదువుకొందురు. తాతల బజారు చరిత్ర మీకు హెచ్చరికయు, ఆశీర్వాదమును అగుగాక.