అడగాల్సిందే అడిగారు

ఈ కథ ఎలా ముగిసిందో ముందే చెప్పేస్తాను. గ్లెన్ టర్నర్ జైలుకు వెళ్ళాడు. అతని కంపెనీలు కూలిపోయాయి. అతన్ని నమ్మి ఐదేసి వేల డాలర్లు కట్టిన అమెరికా కుటుంబాలకు చివరికి మిగిలినవి అమ్ముడుపోని క్రీము సీసాలు, తీరని అప్పులు, ముఖం చాటేసే చుట్టాలు. యాభై ఏళ్ళు దాటిన సంగతి ఇది. అయినా తలుచుకున్నప్పుడల్లా నా మనసు ఆ పతనం దగ్గర ఆగదు. ఇంకొంచెం వెనక్కి వెళ్ళి, నిండిన హాల్లో కుర్చీ అంచున కూర్చున్న ఎవరో ఒక మనిషి, గొంతు సవరించుకుని, "మరి నాదొక సందేహం" అన్న చోట ఆగిపోతుంది.

ఎందుకంటే వాళ్ళు గుడ్డిగా చేరలేదు. అడిగారు. అడగాల్సిందే అడిగారు. వాళ్ళ నోట వచ్చిన ఆ నాలుగు ముక్కల్లోనే వాళ్ళను కాపాడగలిగిన వివేకమంతా ఉంది. దానికి బదులు మాత్రం వాళ్ళు ఇంట్లోంచి బయలుదేరకముందే సిద్ధమై ఉంది.

టర్నర్ 1934లో పుట్టాడు. దక్షిణ కరోలినాలో మేరియన్ అనే ఊరి వైపు, పరాయి పొలాన్ని పాలుకు చేసుకుని బతికే ఇల్లు. పుట్టుకతోనే గ్రహణమొర్రి. మాట ముద్దగా వచ్చేది. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. పెద్దయ్యాక కుట్టుమిషన్లు ఇంటింటికీ తిరిగి అమ్మాడు. ఇంటింటికీ తిరిగి అమ్మేవాడి బతుకు ఎలాంటిదో వేరే చెప్పాలా? తలుపు తెరుచుకుంటుంది, ఒక ముఖం కనిపిస్తుంది, "వద్దు" అంటుంది, తలుపు మూసుకుంటుంది. మొర్రి పెదవితో మాట్లాడే మనిషికి ఆ "వద్దు" ఇంకో రకంగా తగిలి ఉంటుందని నాకనిపిస్తుంది. వద్దంటున్నది మిషన్‌నా, తననా? ఆ బాధలోంచే అతను ఆ విద్య నేర్చుకున్నాడు, వద్దన్నవాళ్ళ చేత ఔననిపించే విద్య. అతనికి ఆ విద్య ఒక్కటే మిగలకుండా, వద్దన్నవాడి మాట కూడా నిజం కావచ్చునన్న ఊహ పక్కనే మొలిచి ఉంటే ఎంత బాగుండేది!

1967లో, అప్పు తెచ్చిన 5,000 డాలర్లతో, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో కాస్కాట్ ఇంటర్‌ప్లానెటరీ అనే కంపెనీ పెట్టాడు. మింక్ అనే చిన్న జంతువు కొవ్వు నుంచి తీసిన నూనెతో సౌందర్య సాధనాలు. సరుకు ఉత్త గాలి కాదు. సీసాలున్నాయి, వాటిలో క్రీము ఉంది, ముఖానికి రాసుకోవచ్చు. ఇంటింటికీ తిరగడం తెలిసిన మనిషి ఆ సీసాలను నిజంగానే ఇంటింటికీ పంపి ఉంటే, ఈ రోజు అతన్ని ఒక మామూలు వ్యాపారిగా ఎవరో ఒకరు తలుచుకునేవారేమో. దారి మళ్ళడానికి వీలున్న మొదటి చోటు అది. మళ్ళలేదు. కంపెనీలో డబ్బు క్రీములోంచి కాదు, మనుషుల్లోంచి వచ్చేలా లెక్క కట్టారు. డిస్ట్రిబ్యూటర్ కావాలంటే 5,000 డాలర్లు కట్టాలి. అలా కట్టే మరో మనిషిని తెస్తే, ఆ డబ్బులో సగానికి పైగా తెచ్చినవాడికే. ఇక సీసా మూత తీసే ఓపిక ఎవరికుంటుంది?

మనుషుల్ని తేవడానికి పద్ధతి ఉంది. ఏం వ్యాపారమో ముందు చెప్పకూడదు. ఆసక్తి రేపి వదిలెయ్యాలి. తర్వాత సభకు పిలవాలి. ఆ సభలు ముందే రాసిపెట్టిన మాటల ప్రకారమే నడిచేవని, ఆ మాటలు తప్పినవాళ్ళ మీద కంపెనీ కన్నెర్రజేసేదని, బయటికి పంపే ప్రమాదమూ ఉండేదని 1974లో అమెరికా ఐదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు తన తీర్పులో రాసింది. అంటే వేదిక మీద నిలబడ్డవాడికి కూడా తన మాట లేదు. అడిగేవాళ్ళ గుండెలోంచి వచ్చిన ప్రశ్నకు బదులిచ్చింది ఒక కాగితం.

ఆ ప్రశ్నల్ని ఒక్కసారి నెమ్మదిగా వినాలని ఉంది నాకు. ఈ వ్యాపారంలో అవి ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా ఇంచుమించు అవే.

"నా దగ్గర డబ్బు లేదు." ఇంతకన్నా నిజాయితీగల మాట ఇంకేముంటుంది? పిల్లల చదువుకో, ఇంటి వాయిదాకో దాచిన డబ్బును కాపాడుకుందామన్న జాగ్రత్త అందులో ఉంది. జవాబు: "లేదు కాబట్టే కదా మీకిది కావాలి." ఆ ఒక్క వాక్యంతో, ఆగడానికి ఉన్న కారణమే దూకడానికి కారణమైపోయింది.

"మా ఆవిడతో ఒక మాట అనుకుని చెబుతాను." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ రాత్రి ఆ మనిషి ఇంటికి వెళ్ళి, అన్నం ముందు కూర్చుని, ఈ సంగతి చెప్పి ఉంటే? బల్ల అవతలి నుంచి, "సరే గానీ, ఆ క్రీము కొనేదెవరు?" అని ఒక్క ప్రశ్న వచ్చి ఉంటే? అందుకే ఆ మాట ఇంటిదాకా వెళ్ళకూడదు. "మీ నిర్ణయం మీరు తీసుకోలేరా?" అని అక్కడే అడుగుతారు, నలుగురి ముందు. పరువుకు భయపడి సంతకం పెట్టిన చేతులు ఎన్నో.

"నాకు నలుగురితో మాట్లాడటం రాదు." ఈ సందేహానికి కాస్కాట్‌లో జవాబు కాగితం మీద లేదు, వేదిక మీదే ఉంది. గ్రహణమొర్రితో పుట్టి, ఎనిమిదో తరగతి దాటని టర్నరే ఆ జవాబు. నేను చేయగా లేనిది మీరెందుకు చేయలేరు? ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. అతను పడ్డ అవమానం నిజం, దాటిన కష్టం నిజం. అంత నిజమైన గాయాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి సందేహం నోరు మూయించడానికి వాడారు. వాడినవాడు అతనే.

ఇక అన్నిటికన్నా పెద్ద ప్రశ్న: "చివర చేరినవాళ్ళ గతి ఏమిటి?" అడిగినవాడు పెద్ద చదువులు చదివి ఉండనక్కర్లేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టగలిగితే చాలు. ఒకడు ఐదుగురిని తేవాలి, ఆ ఐదుగురూ తలా ఐదుగురిని. ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు. పన్నెండో వరుసకు వచ్చేసరికి 24 కోట్ల 41 లక్షల మంది కావాలి. 1970 జనాభా లెక్కల్లో పసిపిల్లలతో కలిపి అమెరికా మొత్తం జనం 20 కోట్ల 30 లక్షల పైచిలుకు. ఈ లెక్కకు ఎదురు లెక్క లేదు. కాబట్టి లెక్కతో జవాబివ్వరు, ప్రేమతో ఇస్తారు. "మీకెలా అనిపిస్తోందో నాకు తెలుసండీ. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ చేరాక తెలిసింది…" అమ్మకాల శిక్షణలో తరాలుగా నేర్పుతున్న మూడు మెట్లు ఇవి. ఎంత మెత్తగా ఉంటాయంటే, ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతే అడిగినవాడు మరిచిపోతాడు. తనని ఎవరో అర్థం చేసుకున్నారనుకుంటాడు. మనిషికి అన్నం తర్వాత కావాల్సింది అదే కదా.

కాస్కాట్ మీద రాష్ట్రాల అధికారులు ఒక్కొక్కరే కేసులు వేయడం మొదలుపెట్టారు. మళ్ళడానికి వీలున్న రెండో చోటు ఇది. ఈసారి "కాదు" అన్నది తలుపు సందులోని ముఖం కాదు, చట్టం. టర్నర్ దాన్ని కూడా ఇంకో అభ్యంతరంలాగే చూశాడు, ఓపికగా దాటాల్సిన అడ్డంలాగే. సౌందర్య సాధనాల చుట్టూ గొడవ ముదురుతున్న ఆ రోజుల్లోనే "డేర్ టు బి గ్రేట్" అనే కొత్త కంపెనీ నడిపాడు. ఈసారి సీసాలు కూడా లేవు. టేపులున్నాయి. జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే టేపు పాఠాలు, వాటిని వినడానికి చిన్న టేప్ రికార్డరు, కొన్ని కాగితాలు. మొదటి మెట్టు 300 డాలర్లు, నాలుగోది 5,000.

ఆ సభల గురించి తొమ్మిదో సర్క్యూట్ కోర్టు 1973లో రాసిన వర్ణన చదివితే మనసు వికలమవుతుంది. భక్తి కూటాల్లోలాగా ఊగిపోతూ, కేకలు పెడుతూ, "డబ్బు" అని మంత్రంలా జపిస్తూ జనం. చేరినవాడు చేయాల్సినవి మూడు: ఎక్కడో కూడదీసి డబ్బు కట్టాలి, మనుషుల్ని సభలకు తేవాలి, వాళ్ళ ముందు కలిగినవాడిలా కనిపించాలి. ఖరీదైన బట్టలు, ఖరీదైన కారు, చేతిలో నోట్లు. నిజంగా వచ్చేదాకా వచ్చినట్టు నటించమన్నారు. ఈ మూడోది ఎంత క్రూరమైనదో ఆలోచించండి. మొదటి నెలకే తను మోసపోయానని తెలుసుకున్న మనిషికి, ఆ సంగతి ఎవరికైనా చెప్పుకుంటే కాస్త ఊరట దొరికేది. విన్నవాడైనా తప్పుకునేవాడు. కానీ అప్పు తెచ్చి కొన్న కోటు వేసుకుని, ఎదుటివాడి సందేహం ముందు అతను నవ్వాలి. తనకొచ్చిన సందేహమే అది. తను గట్టిగా పట్టుకోలేకపోయిన సందేహం.

1975లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కాస్కాట్ మీద తీర్పునిచ్చింది. డబ్బు కట్టి చేరినవాడికి, సరుకు వాడుకునేవాళ్ళకు అమ్మినందుకు కాక, కొత్తవాళ్ళను చేర్పించినందుకే ప్రతిఫలం వస్తే, అది పిరమిడ్ పథకం. ఇన్నేళ్ళయినా ఆ దేశంలో ఇలాంటి కేసుల్లో ఆ నిర్వచనమే ఆధారం. "చివర చేరినవాళ్ళ గతి ఏమిటి?" అని ఎనిమిదేళ్ళ కిందట హాల్లో ఒకరు అడిగిన ప్రశ్నకు వచ్చిన సరైన జవాబు ఇది. అడిగినవాళ్ళ డబ్బు అప్పటికే పోయింది.

టర్నర్ మీద ఫెడరల్ కేసు కూడా నడిచింది. నెలల తరబడి సాగిన విచారణ తేలకుండానే ముగిసింది. చిన్న నేరం ఒప్పుకుని అప్పటికి బయటపడ్డాడు. వయసు నలభై దాటింది. మూడో అవకాశం. ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఏ చిన్న దుకాణమో పెట్టుకోవచ్చు. అతను "ఛాలెంజ్" అనే మరో కంపెనీ దగ్గర తేలాడు, మళ్ళీ అదే తీరు. 1987లో అరిజోనా కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది.

ఆ హాలు అక్కడితో మూతపడి ఉంటే ఇది ఒక దూరదేశపు కథగా మిగిలేది. మూతపడలేదు, మన దాకా వచ్చింది. మన దేశంలో 1978లోనే డబ్బు చలామణి పథకాల నిషేధ చట్టం వచ్చింది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే అనే కంపెనీ కేసులో, దాని పథకానికి ఆ చట్టం ప్రాథమికంగా వర్తిస్తుందని చెప్పింది. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ అనే నోయిడా కంపెనీ పెద్దలను అరెస్టు చేసి, దేశమంతటా సుమారు 17 లక్షల మంది డబ్బు కట్టారని, మొత్తం 5,000 కోట్ల రూపాయల వ్యవహారమని ప్రకటించారు. చాలామంది కాలేజీ పిల్లలు, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళు.

వాళ్ళు కూడా అడిగే ఉంటారు. హాస్టల్ గదిలో సీనియర్ ప్లాను చూపిస్తుంటే, మంచం మీద కూర్చున్న కుర్రాడు అడగకుండా ఉంటాడా?

"అన్నా, ఇది గొలుసుకట్టు స్కీమే కదనే?"

"అందరూ గట్లనే అనుకుంటర్రా. ముందుగాల పూర్తిగ చూడు."

"నా దగ్గర అన్ని పైసల్లేవన్నా."

"లేవనే కదరా నిన్ను చెయ్యమంటున్న."

"డాడీని అడిగి చెప్త."

"ఇప్పుడే చెప్పకు. మొదటి చెక్కు వచ్చినంక చూపెట్టు, డాడీ ఖుషయితడు."

కుర్రాడు ఇంకా ఏదో అనబోతాడు. పరీక్ష ఫీజని చెప్పి తెప్పించిన డబ్బు గుర్తొస్తుంది. ఎదుటివాడు పరాయివాడు కాదు, వాళ్ళ ఊరివాడే, బండి మీద ఎక్కించుకుని తిప్పినవాడే. కట్టేస్తాడు. కింద ఇద్దరు చేరితే తప్ప తన డబ్బు తనకు రాదని తెలిసేసరికి నెల గడుస్తుంది. ఇద్దరి కోసం పేర్లు రాసుకుంటాడు. మొదటి పేరు మేనత్త కొడుకుది. వాణ్ని పిలిచి, టీ తాగించి, ప్లాను చూపిస్తాడు. వాడు అంతా విని, బావ ముఖంలోకి చూసి, అదే అడుగుతాడు: ఇది గొలుసుకట్టు స్కీమే కదా, బావా?

"నాకు గూడ మొదట్ల అదే డౌటొచ్చిందిరా," అంటాడు కుర్రాడు.