మన గురువులు – 7: ఊరు విడవడం పోరాటమేనా?

పోయిన భాగంలో 1927 నాటి మహద్ చెరువు గురించి రాశాను. ఆ పాఠం అయ్యాక గుంతకల్లులో హాస్టల్ పిల్లలతో వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' చదివించాను. 2011లో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకం. తర్వాత హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో తెచ్చింది. కరీంనగర్ వైపు ఒక మాదిగ కుటుంబం తరతరాల కథ. రైల్వేలో చిన్న ఉద్యోగం చేస్తూ బాలయ్య కొడుకుల్ని చదివించాడు. ఆయనకు చదువు తప్ప ఇంకో దేవుడు లేడు. ఆ నాయనే మొదటి గురువు. రైలు కూతల మధ్య పెరిగిన పిల్లలకు ఇది నచ్చుతుందనుకున్నాను.

పిల్లలు ఇంకోచోట పట్టుకున్నారు. ఆ ఇంటి పెద్దల్లో ఒకాయన నిజాంకు మెత్తని చెప్పులు కుట్టిచ్చాడు. నిజాం మెచ్చి 50 ఎకరాలిచ్చాడు. దొర 48 లాక్కుని 2 ఎకరాలు మిగిల్చాడు. తర్వాతి తరంలో కలరాకు భార్య చనిపోతే పాతిపెట్టడానికి ఊళ్లో ఎవరూ రాలేదు. శవాన్ని భుజాన మోసుకుపోయిన మనిషి ఊరు విడిచి రైల్వే పనికి పోయాడు.

డిగ్రీ చదివే పిల్లోడు లేచాడు. "భూమి పోగొట్టుకోని రైలెక్కితే అది గెలుపెట్లైతాదన్నా?"

నేను పెద్దమనిషిలా బాబాసాహెబ్‌ను ముందుపెట్టాను. ఊరి మీద తనకు మోజు లేదని 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన తెగేసి చెప్పాడన్నాను.

"ఊరొద్దన్నాడు సరే, భూమొద్దన్లేదు గదన్నా. మా నాయన కూడా బేల్దారి పనికి బెంగుళూరు పోయినాడు. డీకేటీ పట్టా మా అవ్వ పెట్లో ఉండాది. చేను ఇంకొకరు చేస్కుంటాండారు."

నా నోరు పడిపోయింది. (పాఠం చెప్పేవాడికి ఇంతకన్నా మంచి రోజు ఉండదు, కానీ ఆ క్షణాన సిగ్గేసింది.) కొలంబియాలో డ్యూయీ దగ్గర చదివిన బాబాసాహెబ్ గురువు మాటలు అప్పజెప్పి ఊరుకోలేదు. 1936లో 'కుల నిర్మూలన'లో వాటిని తెచ్చి మన కులం మీద ఎక్కుపెట్టాడు. ఈ పిల్లోడు నా మీద చేసిందీ అదే. బాలయ్య తప్పు చేశాడని వాడనలేదు. ఆ 48 ఎకరాల లెక్క ఇంకా తేలలేదంటున్నాడు.

ప్రభుత్వమిచ్చిన భూమి చేతులు మారకుండా 1977లోనే చట్టమొచ్చిందని చెప్పాను. "చట్టం తెలిసినోళ్లు మా ఊరికి ఎవురూ రాలేదన్నా" అన్నాడు.

సోమవారం అవ్వ పెట్లోని పట్టా తీసుకుని వస్తానన్నాడు. ఇద్దరం తహసీల్దార్ ఆఫీసుకు పోయి అడంగల్‌లో ఎవరి పేరుందో చూస్తాం.