ఫ్లాజిల్ పుట్టింది విరేచనాలకు కాదు

పాతబస్తీలో ఏ మందుల షాపులో అడిగినా ఫ్లాజిల్ అంటే విరేచనాల గోలీ. పెళ్లి విందు వికటించినా, వానాకాలంలో నల్లా నీళ్లు పాడైనా ఆ పేరే వినబడుతుంది. ఫ్రాన్స్‌లో ఆ మందును తయారుచేసింది మాత్రం కడుపు కోసం కాదు. ఆడవాళ్లు కన్నతల్లికి కూడా చెప్పుకోలేక లోలోపల నలిగిపోయే ఒక జబ్బు కోసం. దాని పేరు ట్రైకోమోనియాసిస్.

లైంగిక సంబంధం వల్ల ఒకరి నుంచి ఒకరికి సోకే ఈ జబ్బుకు కారణమైన పరాన్నజీవి ఒంటికణం ప్రాణి. కొరడాల్లాంటి సన్నని తోకలు ఆడిస్తూ ఈదుతుంది. 2020లో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో దాదాపు 15.6 కోట్ల మందికి కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వైరస్‌ల వల్ల వచ్చేవి పక్కన పెడితే, సుఖవ్యాధుల్లో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. అయినా సిఫిలిస్, గనేరియాలకు ఉన్నంత అపఖ్యాతి కూడా దీనికి దక్కలేదు.

ఈ పరాన్నజీవిని మొదట చూసినవాడు ఆల్ఫ్రెడ్ డోనే అనే వైద్యుడు. 1836లో పారిస్‌లో రోగుల తెల్లబట్ట స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో కదులుతున్న ప్రాణుల్ని గుర్తించాడు. ఆ రోజుల్లో చాలామంది వైద్యులకు సూక్ష్మదర్శిని మీద నమ్మకం లేదు. డోనే పట్టు వదల్లేదు. భౌతికశాస్త్రవేత్త ఫూకోతో కలిసి, సూక్ష్మదర్శినిలో కనిపించే దృశ్యాలను ఫొటోలు తీసి 1845లో అట్లాస్‌గా అచ్చువేయించాడు. అంతకుముందే, 1838లో, ఎరెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఈ జీవికి ట్రైకోమోనాస్ వెజైనాలిస్ అని పేరు స్థిరపరిచాడు.

డోనే కనుగొన్న పదేళ్లకు, 1846లో, హైదరాబాద్‌లో డాక్టర్ మాక్లీన్ ఆధ్వర్యంలో మెడికల్ స్కూల్ మొదలైంది. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ఇప్పటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. అయితే అప్పట్లో చాలామంది వైద్యులు ఈ పరాన్నజీవిని జబ్బు తెచ్చేదిగా లెక్కపెట్టలేదు. ఉంటే ఉంది, హాని లేదని సుమారు ఎనభై ఏళ్లు వదిలేశారు. దీనివల్లే స్త్రీలకు స్రావం, మంట, దురద వస్తాయని జర్మనీలో హోయ్నే అనే వైద్యుడు 1916లో గట్టిగా చెప్పాకగానీ కదలిక రాలేదు.

మగ డాక్టరు ముందుకు రావడమే తప్పనుకునే పర్దా కుటుంబాల కోసం హైదరాబాద్‌లో విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాదిరాయి పడింది 1906లో. ప్రసూతికే గడప దాటడం గగనమైన కాలంలో, సఫేద్ పానీ (తెల్లబట్ట) అని చెప్పుకుని పరీక్షకు వచ్చిన వాళ్లెందరుంటారు? హకీం సాబ్ దగ్గరకు కబురంపి, ఆయనిచ్చిన మందు తెప్పించుకోవడమే చాలామందికి మిగిలిన దారి.

మందు దొరికిన తీరు ముచ్చటైనది. జపాన్ శాస్త్రవేత్తలు 1953లో స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి నుంచి అజోమైసిన్‌ను వేరుచేశారు. అది ట్రైకోమోనాస్‌ను చంపుతుందని తేలింది. ఫ్రాన్స్‌లో రోన్-పులాంక్ కంపెనీ రసాయనవేత్తలు దాని అణువును అటూ ఇటూ మార్చి చూసి మెట్రోనిడజోల్‌ను తయారుచేశారు. 1959లో ఆ ఫలితాలు వెలువడ్డాయి, 1960లో అదే మందు ఫ్లాజిల్ పేరుతో బజారుకొచ్చింది. అంతకుముందు పైపూతలు, లోపల పెట్టుకునే మందులే దిక్కు. అవి అక్కడి పురుగును తగ్గించినా మూత్రనాళంలో దాక్కున్నదాన్ని వదిలేసేవి.

1962లో ఇంగ్లండ్‌లో షిన్ అనే దంతవైద్యుడు ఒక సంగతి రాశాడు. ట్రైకోమోనియాసిస్‌కు ఫ్లాజిల్ వాడిన రోగికి చిగుళ్ల పుండ్లు కూడా మానాయట! గాలి తగలని చోట పెరిగే బ్యాక్టీరియా మీదా అది పనిచేస్తుందని అలా తెలిసింది. తర్వాత అమీబా విరేచనాలకూ, ఆపరేషన్ల ముందు జాగ్రత్తకూ వాడకం పెరిగి, అసలు పుట్టుక మరుగున పడింది.

తెలుగువాళ్లకు ఈ కథలో సొంత వాటా ఉంది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా, తయారీ పద్ధతికే రక్షణ ఇచ్చింది. ఆ వెసులుబాటుతో ముందుకొచ్చినవాళ్లలో తాడేపల్లి పసుపు రైతు కొడుకు, బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కె. అంజిరెడ్డి ఒకరు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టడానికి ముందు ఆయన నడిపిన యూనిలాయిడ్స్ మెట్రోనిడజోల్ తయారుచేసింది. దిగుమతి సరుకు ఊళ్లో సరుకైంది.

మందు చవకైంది, మరి జబ్బెందుకు తగ్గలేదు? మొదటి చిక్కు పరీక్షలో. గాజుపలక మీద చుక్క సెలైన్‌లో కలిపి చూసే పద్ధతి చవకే, కానీ పురుగు కదలికలు ఆగకముందే చూడాలి. రద్దీ ఓపీలో ఆ వెసులుబాటు ఎక్కడిది? వెంటనే చూసినా సగం, మహా అయితే మూడింట రెండు వంతుల కేసులే దొరుకుతాయి. రెండో చిక్కు మగవాళ్లు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. భార్య గోలీలు మింగి నయం చేసుకుంటుంది, భర్త దగ్గర్నుంచి మళ్లీ అంటించుకుంటుంది. నింద మాత్రం ఆమె మీదే! గర్భిణికి నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు, హెచ్‌ఐవీ సోకే అవకాశం దీనివల్ల పెరుగుతాయి కాబట్టి ఇది పేట్లబుర్జ్ ప్రసూతి ఆసుపత్రికీ సంబంధించిన సంగతే.

పరిశోధన ఆగలేదు. 2007లో ఈ పరాన్నజీవి జన్యుపటం వెలువడితే సుమారు 60 వేల జన్యువులు లెక్కతేలి శాస్త్రవేత్తలే విస్తుపోయారు. మెట్రోనిడజోల్ ఒక్క మోతాదు 2 గ్రాములు చాలన్న పాత అలవాటునూ 2018లో అమెరికా పరిశోధన ఒకటి కదిలించింది. ఒకేసారి మింగిన స్త్రీలలో 19 శాతం మందికి మళ్లీ పాజిటివ్ వస్తే, వారం రోజులు వాడినవాళ్లలో అది 11 శాతమే.

మన ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లలో తెల్లబట్ట సమస్యకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో ఫ్లాజిల్ కుటుంబానికే చెందిన సెక్నిడజోల్ ఉంటుంది. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నురగతో, దుర్వాసనతో స్రావం కనిపిస్తే షాపులో గోలీ కొని సరిపెట్టుకోకండి. సురక్షా క్లినిక్‌కు వెళ్లి పరీక్ష చేయించుకోండి. భర్తను వెంట తీసుకెళ్లండి, ఇద్దరూ ఒకేసారి మందు వాడండి.